మోచేతి దాకా

ఆ ట్యాంకుకి పద్దెనిమిది మెట్లు. చిల్లుల రేకుతో చేసిన ఇనుప మెట్లు. కింద నిలబడి చూస్తే ఎక్కేవాళ్ల చెప్పుల అడుగులు కనిపిస్తాయి. పదకొండేళ్లుగా వాటిని ఎక్కి దిగుతున్న మనిషికి ఎన్ని మెట్లో ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఆమె ప్రతిసారీ లెక్కపెట్టుకునేది. మొదట్లో ఊసుపోక, తర్వాత అలవాటుగా. ఈమధ్య మాత్రం ఇంకా ఎన్ని మిగిలాయో తెలుసుకోవడానికి. పన్నెండో మెట్టు దగ్గర కుడి మోకాలు నేనున్నానంటూ పలకరించేది. పదిహేనో మెట్టుకి ఎడమది వంత పాడేది.

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను ముక్కక్క అంటారు. ముక్కు పెద్దదనీ కాదు, ముక్కు మీద కోపమనీ కాదు. ట్యాంకు మూత జానెడు ఎత్తి ఒక్కసారి గాలి పీల్చిందంటే లోపల ఏం జరుగుతోందో చెప్పేస్తుంది. మజ్జిగతేట వాసన వస్తే అంతా సవ్యం. మురిగిన వెన్న వాసన వస్తే కానివాళ్లెవరో లోపల చేరారని అర్థం. "మీటరు తర్వాత చూద్దాం, ముందు ముక్కక్కని పిలవండి" అనేవాడు సూపర్‌వైజరు. అతనిది ఆమెలో సగం వయసు కాదు గానీ, పదేళ్లు చిన్నవాడు. ఆమె అతన్ని సార్ అంటుంది, అతను ఆమెను అక్కా అంటాడు.

అక్కడ చేసే సరుకు పులుపు. మాట వరసకి కాదు, నిజంగా పులుపే. సముద్రంలో పెరిగే ఆకుపచ్చ నాచుని ఒడ్డున ఎండబెట్టి బస్తాల్లో పంపిస్తారు. దాన్ని కడిగి, నూరి, ఘాటైన నీళ్లలో ఉడికిస్తే లోపల దాక్కున్న తీపి బయటికొస్తుంది. చల్లార్చి, సోడా వేసి ఘాటు విరిచి, అప్పుడు తోడు వేస్తారు. పాలల్లో తోడు వేసినట్టే. పోయిన బ్యాచిలోంచి ఒక స్టీలు గిన్నెడు తీసి ఫ్రిజ్‌లో దాచిపెట్టుకున్న తోడు అది. అందులోని కంటికి కనపడని జీవాలు ఐదు రోజులపాటు ఆ తీపినంతా తిని పులుపు చేసి పెడతాయి. ఆ పులుపుకి పుస్తకాల్లో పేరు లాక్టిక్ యాసిడ్. వాడి పారేశాక మట్టిలో కలిసిపోయే ప్లేట్లు దానితో చేస్తారట. మందుల్లోనూ వాడతారట. ముక్కక్క ఆ ప్లేటు ఎప్పుడూ చూడలేదు.

ఒక్కటే చిక్కు. ఆ జీవాలు తాము చేసిన పులుపుని తామే తట్టుకోలేవు. మరీ పులిసిపోతే పని ఆపేస్తాయి. అందుకని గంటకోసారి ఎవరో ఒకరు పద్దెనిమిది మెట్లెక్కి, ఒక మగ్గు సున్నపు నీళ్లు నిదానంగా పోసి, తెడ్డు తిరుగుతోందో లేదో చూసి, దిగి రావాలి.

"మనకంటే అవే నయం" అనేది ముక్కక్క. "అలిసిపోతే పని మానేస్తాయి. వాటిని అడిగే సూపర్‌వైజరు లేడు."

ఆమె కూడా మానేయాలనుకుంది. పని కాదు, మెట్లు. ఫ్యాక్టరీ వెనక బస్తాల షెడ్డులో కిటికీ పక్కన ఒక చెక్క స్టూలుంది. దాని మీద గోనెగుడ్డ మడిచి వేసి ఉంటుంది. వచ్చిన బస్తాలని పరీక్షించి, పని లేనప్పుడు దాని మీద కూర్చునే ఆవిడ పోయిన నెల పని మానేసింది. అప్పట్నించి ఆ స్టూలు ఖాళీ. ముక్కక్క దాని పక్కనుంచి వెళ్లినప్పుడల్లా, సినిమా హాల్లో ఖాళీ సీటు చూసినట్టు చూసేది. అడగడానికి మూడు వారాలు పట్టింది. అడిగాక సూపర్‌వైజరు గోడకేసి చూస్తూ ఆలోచించాడు.

"స్టూలు మీకిస్తే ట్యాంకు ఎవరు చూస్తారక్కా?"

"మా చిన్నది చూస్తుంది సార్. ఏడాదిగా నా వెంట తిరుగుతోంది."

చిన్నదంటే ఆమె తోడికోడలు. మరిది భార్య. ముప్పై నాలుగేళ్లది, చురుకైనది, నోటికీ చేతికీ విరామం లేనిది. రెండు కాపురాలూ ఒకే ఇంట్లో. మధ్యలో ఒక సన్నటి గోడ, ఇద్దరికీ కలిపి ఒక వంటగది.

"సరే. రాబోయే బ్యాచి మొదట్నించి చివరిదాకా ఆవిణ్ణి ఒక్కదాన్నే చెయ్యనివ్వండి. మీరు మెట్లెక్కకూడదు. బ్యాచి బాగా దిగితే ట్యాంకు ఆవిడకి, స్టూలు మీకు. దిగకపోతే ఇంకో ఏడాది ఇలాగే. ఈలోగా బస్తాలు మాత్రం మీరే చూసిపెట్టండి."

ఇంకో ఏడాది అంటే ఎన్ని మెట్లో ముక్కక్క మనసులో గుణించబోయి మానేసింది.

*

బస్తాలు చూడడానికి ఒక పద్ధతుంది. ఆ పద్ధతి పెట్టింది కూడా ముక్కక్కే.

ఆకుపచ్చ నాచు పెరిగే రాళ్ల మీదే పక్కన గోధుమరంగు నాచు కూడా పెరుగుతుంది. ఎండిపోయాక రెండూ నల్లబడి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కానీ గోధుమరంగు దాంట్లో ఒక జిగురుంది. ఆ జిగురుకీ సున్నానికీ పడదు. రెండూ కలిస్తే గడ్డకడతాయి. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తల్లో అలాంటి బస్తా ఒకటి లోపలికెళ్లి గొట్టాలన్నీ పూడిపోయాయి. ఒడ్డున ఎండబెట్టేవాళ్లకి బస్తా మూతి దగ్గర మంచి సరుకు పెట్టి, అడుగున ఏది పడితే అది కూరడం అలవాటు. అప్పుడు ముక్కక్క చెప్పింది: బస్తా మూతి విప్పాలి, చొక్కా చెయ్యి పైకి మడవాలి, మోచేతి దాకా లోపలికి దూర్చాలి. అడుగునుంచి పిడికెడు తియ్యాలి, అరచేతిలో నలపాలి, చుక్క నీళ్లేసి వాసన చూడాలి. బాగుంటే బస్తా మీద చాక్‌పీసుతో ఒక చుట్టు. దాన్ని అందరూ అక్క చుట్టు అనేవాళ్లు. అక్క చుట్టున్న బస్తాని మళ్లీ ఎవరూ విప్పి చూడరు. సూపర్‌వైజరు కూడా.

సోమవారం పొద్దున వ్యాను వచ్చింది. ఇరవై బస్తాలు. వ్యానాయన బస్తాలు దించేసి, గోడకి ఆనుకుని టీ తాగుతూ చూస్తున్నాడు.

"అక్కయ్యా, బస్తాలకి నాడి చూస్తున్నావా ఏంటి? బతికే ఉన్నాయా?"

"బస్తాలు బాగానే ఉన్నాయి తమ్ముడూ. నీ వ్యానుకే చూడాలి నాడి. మలుపు దగ్గర దగ్గితే ఇక్కడిదాకా వినిపించింది."

"దానికీ మోకాళ్ల నొప్పులే అక్కయ్యా. నీతో పోటీ."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడో బస్తా దగ్గర మోకాళ్లూనింది. బస్తాలు నేల మీదుంటాయి కాబట్టి ప్రతి బస్తాకీ కూర్చోవాలి, ప్రతి బస్తాకీ లేవాలి. పదోది అయ్యేసరికి గోడ పట్టుకుని లేచింది. పద్నాలుగోదానికి బస్తానే పట్టుకుని లేచింది. పదిహేడోది అయ్యాక లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సొచ్చింది. వ్యానాయన చూడనట్టు అటు తిరిగాడు. అలా తిరగడమే ఆమెకి ఎక్కువ బాధనిపించింది.

ఇంకా మూడు మిగిలాయి. మూలన ఉన్నాయి. ముక్కక్క నిలబడే వంగి మూతి విప్పింది. పైన ఆకుపచ్చ నాచు, కరకరలాడుతూ. చెయ్యి మణికట్టు దాకా పెట్టింది. అంతకంటే లోపలికి పోవాలంటే కూర్చోవాలి. కూర్చుంటే లేవాలి.

మూడింటికీ చుట్టు పెట్టింది. మూడు చుట్లూ గుండ్రంగా, అందంగా వచ్చాయి.

ఆ మధ్యాహ్నం నాచు ఉడుకుతుంటే చిన్నది ఆవిరిలోంచి తల బయటికి పెట్టింది.

"అక్కా, వాసన కొంచెం తేడాగా లేదూ? ఏదో మందు సీసా మూత తీసినట్టుగా."

"చుట్లు పెట్టాక కూడా వాసనేంటే? పని చూసుకో."

చిన్నది తల లోపలికి తీసుకుంది. ముక్కక్క అడుగు ముందుకేసి ఒక్కసారి గాలి పీల్చి ఉంటే సరిపోయేది. పీల్చలేదు. పీలిస్తే తెలుస్తుందని ఆమెకి ఎక్కడో తెలుసు.

*

మంగళవారం తోడు వేశారు. రాత్రి కాపలా ఆయన చూసుకుని పొద్దున్నే అప్పగించాడు. బుధవారానికి పులుపు మొదలైంది. చిన్నది మెట్లెక్కుతూ దిగుతూ, ప్రతి మగ్గుకీ చీటీ మీద ఒక గీత గీసుకుంటూ, మధ్యమధ్యలో కింద నిలబడ్డ ముక్కక్కకి చెయ్యి ఊపుతూ తిరిగింది. కొత్త పెళ్లికూతురికి కూడా అంత హడావిడి ఉండదు.

నాలుగో మగ్గు తర్వాత పైనుంచి కేక వినిపించింది.

"అక్కా! తెడ్డు తిరగట్లేదు!"

మెట్లెక్కకూడదన్న మాట ముక్కక్కకి గుర్తు రాలేదు. పద్దెనిమిదీ ఎక్కింది, ఆ ఒక్కసారి లెక్కపెట్టకుండా. పైన మోటారు గుర్రుమంటోంది. మూత తీసి చూస్తే లోపల నీళ్లు లేవు. ట్యాంకంతా ఒకటే ముద్ద. దాన్ని చేత్తో తడితే వణికింది. ఆకుపచ్చ రంగులో, మెరుస్తూ, దెబ్బ తిన్న జంతువులా తెడ్డుని పట్టుకుని వదలట్లేదు.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. కాసేపు చూశాడు. చిన్నదాని వైపు తిరిగాడు.

"సున్నం ఒకేసారి గుమ్మరించావా?"

"లేదు సార్. మగ్గుతోనే. గంటకొకటి. ఇదిగో గీతలు."

"గీతలు నాకెందుకమ్మా? నిదానంగా పోస్తే ఇలా ఎందుకవుతుంది?"

"ఏమో సార్..."

"బస్తాలేమో అక్క చూశారు. ఇరవైకి ఇరవై చుట్లున్నాయి, నేనే లెక్కపెట్టాను. నాచులో తప్పు లేదు. ఇక మిగిలింది సున్నమేగా?"

ముక్కక్క అప్పటికే చెయ్యి లోపలికి పెట్టింది. ఒక ముక్క తుంచి వేళ్ల మధ్య నలిపింది. సన్నటి గోధుమరంగు పీచు బయటపడింది. వాసన చూడాల్సిన పని లేకపోయింది. వాసనే వచ్చి ముక్కుని తాకింది, మందు సీసా మూత తీసినట్టుగా.

ఆమె నోరు తెరిచింది. ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ముందు మోటారు ఆపండి, కాలిపోతుంది" అంది. అంతే అంది.

*

మధ్యాహ్నమంతా ఎత్తిపోశారు. పారతో కోసి బకెట్లో వేసి, మెట్లు దించి, షెడ్డు వెనక గోతిలో పోశారు. మెట్లెక్కొద్దన్నా ముక్కక్క వినలేదు. ఖాళీ బస్తాలు తీసుకెళ్లడానికి వచ్చిన వ్యానాయన బకెట్‌లోకి తొంగిచూశాడు.

"ఏం చేశారక్కయ్యా, బడిపిల్లలకి పంచడానికి జెల్లీ మిఠాయా?"

ఎవరూ నవ్వలేదు. అతను టోపీ సర్దుకుని, తనే ఒక బకెట్ అందుకున్నాడు.

చిన్నది ఏడవలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. పారతో కోస్తూ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది.

"మూడో మగ్గు రెండుసార్లు పోశానేమో అక్కా. గీత గీయడం మర్చిపోయి మళ్లీ పోసి ఉంటాను. నేనంతే. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయేదాన్ని, నాకెందుకు ట్యాంకు?"

"పాలు వేరు."

"నీ మోకాళ్లు గట్టెక్కిద్దామనుకున్నా అక్కా. ముంచేశాను."

ముక్కక్క బకెట్ ఎత్తుకుని మెట్లు దిగింది. పద్దెనిమిది, పదిహేడు, పదహారు. దిగుతుంటే కూడా లెక్కపెట్టొచ్చని అప్పుడే తెలిసింది ఆమెకి. మనసులో వచ్చే మాటలు వినపడకుండా ఉండడానికి అది బాగానే పనికొచ్చింది.

ఎందుకు చెప్పలేదు? ఇంటికి నడుస్తూ ఆ ప్రశ్న ఆమే వేసుకుంది. చెప్తే స్టూలు పోతుంది. అది చిన్న సంగతి కాదు. బస్తాలు చూసే పనికి కావలసిందల్లా చూశానని చెప్పినప్పుడు నిజంగా చూసి ఉండడమే. చూడకుండా చుట్టు పెట్టిన మనిషిని ఆ స్టూలు మీద ఎవడు కూర్చోబెడతాడు? మళ్లీ మెట్లెక్కే ఓపిక లేదు, స్టూలు దక్కదు. ఇక మిగిలింది ఇంటిదారే. చెప్పకపోతే చిన్నది మాట పడుతుంది, తనకి ఇంకో ఏడాది మెట్లు పడతాయి. పేరు మాత్రం నిలబడుతుంది. మోకాళ్లు పోయినా ముక్కక్క ముక్కక్కగానే ఉంటుంది. అలసిపోయిన మనిషికి అదొక్కటే మిగిలిన ఆస్తిలా కనిపించింది.

సాయంత్రం ఆమె భర్త పెనం మీద ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి మోకాళ్లకి కాపడం పెట్టాడు. ఆయన సైన్‌బోర్డులు రాసేవాడు. రెండేళ్ల క్రితం నిచ్చెన దిగిపోయాడు. ఇప్పుడు నేల మీద పెట్టి రాసే చిన్న బోర్డులే ఒప్పుకుంటాడు. నిచ్చెన మాత్రం పెరట్లో గోడకి ఆనించి ఉంది, పాములా పొడుగ్గా.

"నేను నిచ్చెన దిగాను, నువ్వు మెట్లు దిగవేం?" అన్నాడు, రోజూ అనే మాటే.

రోజూ ఆమె విసుక్కునేది. ఆరోజు అడిగింది.

"మీరు నిచ్చెన ఎందుకు దిగారు? కళ్లు తిరిగాయన్నారు కదా, నిజమేనా?"

ఆయన ఉప్పుమూటని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"కళ్లు బాగానే ఉన్నాయే. చౌరస్తాలో మందుల షాపు బోర్డు లేదూ? దానికి చివర రెండక్షరాలకి రెండో పూత వెయ్యలేదు. సాయంత్రమైంది, నడుం పట్టేసింది. మళ్లీ ఎక్కాలంటే బద్ధకమేసింది. కింద నుంచి ఎవడు చూస్తాడులే అనుకున్నా. ఒక్క వాన పడింది, ఆ రెండూ వెలిసిపోయాయి."

"ఎవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదు. షాపువాడికి తెలీను కూడా తెలీదు. నేనే ఆ వీధిలోంచి వెళ్లడం మానేశా. కూరగాయలకి చుట్టు తిరిగి ఎందుకు వెళ్తానో నువ్వెప్పుడూ అడగలేదు."

"లావు తగ్గడానికేమో అనుకున్నా."

"తగ్గానా?"

"లేదు."

గోడ అవతల నుంచి చిన్నదాని గొంతు వినిపిస్తోంది. మరిదితో అంటోంది. "రేపట్నించి నేను వెళ్లను. నాకు చేతకాదు. అక్క పరువు తీశాను, ఇంకేం మొహం పెట్టుకుని వెళ్లను?" మరిది ఏదో సర్దిచెప్తున్నాడు. గోడ సన్నటిది. అతను చెప్పేదాంట్లో తనకే నమ్మకం లేదని కూడా వినపడేంత సన్నటిది.

ముక్కక్క లేచింది. ఉప్పుమూట కిందపడింది.

"కాపడం పూర్తికాలేదే" అన్నాడాయన.

"చాలు. చల్లారింది." చల్లారలేదు. ఆమె వంటగదిలోకి వెళ్లి, అటువైపు తలుపు తట్టి, చిన్నదానితో ఒక్క మాట అంది. "రేపు పొద్దున రా. నా కోసం రా. తర్వాత మానేస్తే మానెయ్."

*

మర్నాడు పొద్దున సూపర్‌వైజరు గదిలో ఫ్యాను తిరుగుతూ కిచకిచమంటోంది. ముక్కక్క మూడు ఖాళీ బస్తాలు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. చిన్నది గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏంటక్కా ఇవి?"

"దులిపి చూడండి."

అతను ఒకదాన్ని తిరగేసి దులిపాడు. బల్లమీద గోధుమరంగు పొడి రాలింది. వేలితో తాకి, వాసన చూసి, బస్తా మీది చుట్టు చూశాడు.

"చుట్టు పెట్టారు కదక్కా."

"చుట్టు పెట్టాను. చెయ్యి పెట్టలేదు."

సూపర్‌వైజరు కుర్చీలో వెనక్కి వాలాడు. అతని మొహంలో కోపం కంటే అలసటే ఎక్కువ కనిపించింది. పై వాళ్లకి ఉత్తరం రాయాల్సింది అతనే కదా.

"వంగలేకపోయాను సార్. మూడే కదా అనుకున్నా. సున్నం సరిగ్గానే పోసింది అది. పైగా ఉడికేటప్పుడే వాసన తేడాగా ఉందంది. నేనే నోరు మూయించాను."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"స్టూలు పోతుందని."

"ఇవాళ చెప్తే పోదా?"

"పోతుంది. తెలుసు." ఆమె బల్ల అంచు పట్టుకుంది. కూర్చోమని అతను అనలేదు, ఆమె అడగలేదు. "కానీ సార్, దానికి ముక్కు వచ్చింది. నాకు పదకొండేళ్లు పట్టింది, దానికి ఏడాదిలో వచ్చింది. మీరు దాన్ని పంపించేస్తే మళ్లీ అలాంటిది దొరకదు. నా సంగతి మీ ఇష్టం."

అతను బస్తా పొడిలో వేలితో గీతలు గీశాడు.

"ట్యాంకు ఆవిడదే" అన్నాడు చివరికి. "ఇక స్టూలు. ఇవ్వనని చెప్పడానికి నాకూ నోరు రావట్లేదు, ఇస్తానని చెప్పడానికీ రావట్లేదు. ఈ నెలాఖరుదాకా కూర్చోండి. కానీ మీ చుట్టొక్కటి ఇక చాలదక్కా. ప్రతి బస్తాకీ రెండో చుట్టు కావాలి. ట్యాంకు చూసే మనిషి వచ్చి పెట్టాలి. నెలాఖరుకి చూద్దాం."

పదకొండేళ్లలో మొదటిసారి, ఆమె చుట్టుకి ఇంకొకళ్ల సాక్ష్యం కావాల్సొచ్చింది. ముక్కక్క తలూపింది. బయటికొచ్చాక గోడకి ఆనుకుని కాసేపు నిలబడింది.

చిన్నది వెనకాలే వచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

"నిన్నంతా నన్ను నేను తిట్టుకున్నానక్కా. మూడో మగ్గు, మూడో మగ్గు అని పిచ్చిదానిలా. నువ్వు పక్కనే బకెట్లు మోస్తూ విన్నావు."

"విన్నాను."

"ఒక్కసారైనా కాదే అనలేకపోయావా?"

"పాలు వేరు అన్నాను."

"అదొక ఓదార్పా?" అని చిన్నది గిర్రున తిరిగి వెళ్లిపోయింది. ఆ రోజునించి మాట్లాడలేదు. వంటగదిలో ఉప్పు కావాలంటే బావగారిని అడిగి తీసుకుంది.

*

కొత్త బస్తాలు ఆ పై సోమవారం వచ్చాయి.

ఆదివారం నాడు ముక్కక్క భర్త పెరట్లో ఒకటే కోత. చూస్తే నిచ్చెన మూడు ముక్కలైంది. వాటితో మోకాలెత్తు బల్ల ఒకటి చేశాడు, బస్తా పెట్టుకోవడానికి. ఒక కాలు పొట్టిదైంది. అట్టముక్క మడిచి కింద పెట్టాడు. "నిచ్చెనకి ఇప్పుడైనా బుద్ధొచ్చింది, నేల మీద నిలబడింది" అన్నాడు. పదకొండేళ్లుగా ఎవరికీ తోచని బల్ల అది. తోచలేదంటే, అడిగినవాళ్లు లేరు. ముక్కక్క అయినా అడగలేదు.

వ్యానాయన బస్తాలు ఒక్కొక్కటీ ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆమె స్టూలు మీద కూర్చుని మూతి విప్పింది, చొక్కా చెయ్యి మడిచింది, మోచేతి దాకా దూర్చింది. నలిపింది, చుక్క నీళ్లేసింది, పీల్చింది. చుట్టు పెట్టింది. బల్ల కొంచెం ఊగింది. మోకాళ్లు సలపడం ఆగలేదు. కూర్చున్నంత మాత్రాన అవి ఊరుకుంటాయనుకోవడం అత్యాశే.

ఇరవయ్యోది అయ్యేసరికి చిన్నది ట్యాంకు దిగి వచ్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడి వరసగా ఉన్న బస్తాల్ని, స్టూలు మీద వంగిపోయిన ఆ వీపుని చూసింది. ఏమనుకుందో ఏమో, చాక్‌పీసు తీసుకుంది.

"నువ్వు చూశావుగా అక్కా. చాలు. నేను పక్కన చుట్లు పెట్టేస్తా, సారుకి చూపిద్దాం."

అది ఆమెతో నాలుగు రోజుల్లో మాట్లాడిన మొదటి మాట. మెత్తగా అంది. క్షమించినట్టే అంది. ఆ మెత్తదనాన్ని పట్టుకుని ఊరుకుంటే ఎంత హాయిగా ఉండేదో ముక్కక్కకి తెలుసు. ఇరవై బస్తాలు మళ్లీ మొదట్నించి విప్పడమంటే గంటన్నర పని. చిన్నది పొద్దున్నించి ట్యాంకు కడుగుతూ మెట్లెక్కుతూనే ఉంది.

ముక్కక్క చాక్‌పీసు మీద చెయ్యి వేసింది.

"మోచేతి దాకా."

"అక్కా, నీ మీద నమ్మకం లేకనా..."

"నమ్మకం ఉండే పోయింది ఆ బ్యాచి. చెయ్యి మడుచుకో."

చిన్నది ఆమె వైపు చూసింది. తర్వాత వాచీ తీసి కిటికీలో పెట్టి, చెయ్యి మడిచి, మొదటి బస్తాలోకి దూర్చింది. భుజం దాకా పోతుందేమో అన్నంత లోతుకి. పిడికెడు తీసి, నలిపి, నీటిచుక్క వేసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. కావలసినదానికంటే ఎక్కువసేపే పీల్చింది.

ముక్కక్క స్టూలు మీద ఆగి ఉంది, పరీక్ష రాసినదానిలా.

"బాగుంది" అంది చిన్నది. అక్క చుట్టు పక్కనే ఇంకో చుట్టు పెట్టింది. అది కొంచెం వంకరగా వచ్చింది.

"ఇంకా ఎన్నక్కా?"

"పంతొమ్మిది."

"నీ లెక్కలు నువ్వూ" అని గొణుక్కుంటూ చిన్నది రెండో బస్తా మూతి విప్పింది.